పొద్దున పూజ తర్వాత పెరిగే నంబరు

కర్నూలు, 2006

శేషయ్య మామకు,

మీ బేతంచెర్ల బండల ఫ్యాక్టరీకి నేను చేసిచ్చిన వెబ్‌సైట్ మాటిమాటికీ ఆగిపోవడానికి మీ తమ్ముడు, మా చిన్నమామ, కారణం కాదు. "వాడే చేయిస్తాండాడు, నువ్వు రాసియ్యప్పా, పోలీసులకిస్తా" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు. నేను రాసివ్వలేను.

సైటును ఎక్కడి నుంచి తెరిచినా సర్వర్ లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, పడుతుంది. అదంతా చదివి చదివి కళ్లు మండుతున్నాయి. దాదాపు అన్నీ మీ ఆఫీసు కనెక్షన్ నుంచి వచ్చినవే. అత్తను అడిగితే, "పొద్దున పూజ కాంగానే, శానామంది వచ్చినట్టు సైటు కింద ఎంతమంది చూసినారో చూపే నంబరు పెరగాలని ఆఫీసులో అందరూ కూచోని నొక్కుతాండారు నాయనా" అంది. నేను వద్దన్నా మీరు పెట్టించిన పెద్ద పెద్ద బండల ఫోటోలు అన్నిసార్లు తెరవలేక సైటు కూలబడుతోంది.

నిన్న బండల కోసం వెతుక్కుంటూ బయటివాడు ఒక్కడు వచ్చాడు. ధరల పేజీ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించి, తెరుచుకోక వెళ్లిపోయాడు. అప్పుడు కూడా సైటు నిండా ఉన్నది మనవాళ్లే.

ఆ నంబరు నేను తీసేస్తాను మామా. చిన్నమామను అన్న మాటలు మాత్రం మీరే వెనక్కి తీసుకోవాలి.

మీ మేనల్లుడు