కచ్చా కుట్టు

జూన్ 4
మా ఆయన ప్యాంటు నడుం మళ్ళీ బిగించాను. మందూ సిగరెట్టూ ముట్టనని నా మీద ఒట్టేశాక పొట్ట మాయమైపోయింది. నిజం చెప్పొద్దూ, గర్వంగా ఉంది. టైలర్లం కుట్టు లోపల ఎప్పుడూ కాస్త గుడ్డ వదులుతాం, రేపు లావైతే విప్పుకోవచ్చని. ఈసారి వదల్లేదు. మిగిలింది కత్తిరించి పడేశాను. ఆ పొట్ట మళ్ళీ రాకూడదు.

జూన్ 19
నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు. కడుపు నిండిపోయిందట. నా వంట మీద అలకా అని ఆటపట్టించాను. గ్యాసేలే, నువ్వు దాన్ని పెద్దది చెయ్యకు అన్నాడు. ఈయనకి గుండెల్లో మంటైనా, నడుం పట్టేసినా గ్యాసే. మా స్టవ్‌కి కూడా అంత గ్యాస్ రాదు.

జూలై 2
మళ్ళీ గ్యాస్ టాబ్లెట్లు.

జూలై 16
మా ఆడపడుచు వచ్చింది. అన్నయ్యా, కుర్రాడిలా తయారయ్యావే, వదిన ఏం పెడుతోందేమిటి అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. సాయంత్రం చొక్కాకి కొలతలు తీస్తుంటే టేపు కింద ఎముకలు తగిలాయి. భయమేసింది. కొలత రాసుకుని టేపు చుట్టేశాను.

ఆగస్టు 1, ఉదయం 6
వాంతి చేసుకున్నాడు. నల్లగా, కాఫీ పొడిలా ఉంది. అప్పుడు కూడా గ్యాస్ అన్నాడు. నోరు మూసుకుని చెప్పులేసుకోమన్నాను. ఆటో వచ్చింది.

ఆగస్టు 9
ఆ రోజు ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి పరీక్షకి ముక్క తీశారు, ఇవాళ రిపోర్టు వచ్చింది. కడుపులో క్యాన్సర్.

సిగరెట్లు, మందు ఎప్పటినుంచి అని డాక్టరమ్మ అడిగింది. పెళ్ళికి ముందు నుంచీ అన్నాడు. ఎప్పుడు మానేశారంది. ఆయన నా వైపు చూశాడు. మానలేదండీ అన్నాడు.

ఆ రెండూ ఈ జబ్బు ముప్పు పెంచుతాయట. అలవాట్లు లేనివాళ్ళకీ వస్తుంది, ఇదొక్కటే కారణమని తేల్చి చెప్పలేనంది. కానీ ఇప్పుడైనా మానితే ఆపరేషన్‌కి మంచిదంది. ఇంకాస్త ముందు రావాల్సిందని కూడా అంది, నన్ను చూడకుండా.

తగ్గిన పొట్ట చూసి మాట నిలబెట్టుకున్నాడని మురిసిపోయాను. అందరికీ చెప్పుకున్నాను. ఒళ్ళు మండిపోతోంది. చంపేయాలనిపించింది. ఆ మాట రాసి కొట్టేశాను.

ఆగస్టు 20
రేపు ఆపరేషన్. ప్యాంటు జారిపోతోంది, బిగించమన్నాడు. కచ్చా కుట్టు వేశాను, దారం లాగితే ఊడొచ్చేలా. మిగిలిన గుడ్డంతా లోపలే ఉంచాను. కత్తెర తియ్యలేదు.