మావి కాని వస్తువులు

వదినా,

మీరు కంగారు పడతారని వారం ఆగి రాస్తున్నాను. పై వాటాలో నీళ్ల పైపు పగిలి మా ముందుగది అంతా కారింది. మనుషులం క్షేమమే. మీ తమ్ముడికి బాగుచేయమని ముగ్గురు ఇచ్చిన మూడు వయొలిన్లు మాత్రం నీళ్లలో నాని, జిగురు విడిపోయి పనికిరాకుండా పోయాయి. ఆయన ముఖం చూడలేకపోయాను. అత్తయ్య నిబ్బరంగా ఇన్సూరెన్స్ కాగితాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

ఆ పాలసీ తీసుకున్నప్పుడు, అద్దె ఇంటికి ఇన్సూరెన్స్ ఏమిటని నవ్వింది నేనే. ఏజెంటు టీవీ, ఫ్రిజ్, నగలు రాసుకుని సంతకం పెట్టమన్నాడు. అత్తయ్య కలం ముట్టలేదు.

"బాబూ, ఇంట్లో మావి కానివి కూడా ఉన్నాయి. మమ్మల్ని నమ్మి వదిలి వెళ్లినవాళ్లవి. వాటి మాటేమిటి?"

"అవి ఇందులోకి రావండీ."

"అవి కూడా వచ్చేది తీసుకురా, అప్పుడు పెడతా సంతకం."

అతన్ని రెండుసార్లు తిప్పించుకుని, ఆ షరతు రాయించాకే ఊరుకున్నారు. ఇప్పుడు ఆ ముగ్గురికీ పరిహారం వస్తోంది. ఆవిడ ముందుచూపుకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నష్టం చూడటానికి వచ్చినాయన "మీవేం పోయాయమ్మా?" అని అడిగితే, "నావేం లేవు నాయనా" అన్నారు. మర్నాడు చూస్తే, కిటికీ దగ్గర కూర్చుని మామయ్యగారు తనకి రాసిన పాత ఉత్తరాలు ఒక్కొక్కటే విప్పి ఆరబెడుతున్నారు. సిరా అంతా అలుక్కుపోయింది. నన్ను చూసి, "వీటికి ఏ ఏజెంటు వెల కడతాడే?" అని నవ్వారు.

మామయ్యగారు మీ హాస్టల్‌కి రాసిన ఉత్తరాలు మీరు దాచుకున్నారు కదా! అత్తయ్య ఊసు ఉన్నది చూసి, ఒక్కటి పంపండి. నేను అడిగానని మాత్రం ఆవిడతో అనకండి.

మీ మరదలు