దెయ్యం పెళ్లికి అక్షింతలు

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీకిష్టమైన పులిహోర చేసి దేవుడికి పెట్టాను. సాయంత్రం మనిద్దరం కలిసి మొదలుపెట్టిన నవల చివరి అధ్యాయం పట్టుకుని ఖుర్సీపార్ భజన మందిరానికి వెళ్లాను.

ఆ కథలో, రిసాలిలో తాళం వేసిన స్టీలు ప్లాంటు క్వార్టర్‌లో రోజూ దీపం పెట్టేది ఎవరో మనిద్దరం కలిసే తేల్చాం. అది పెళ్లికి ముందే చనిపోయిన పార్వతి దెయ్యం కాదు, ఆమెను మరిచిపోలేని క్రేన్ ఆపరేటర్. ముగింపు దగ్గరే మనకు పడలేదు. చివర్లో పార్వతి నిజంగానే దెయ్యమై వస్తే వాళ్లిద్దరికీ పెళ్లి చేద్దామని నేనంటే నువ్వు ఒప్పుకోలేదు.

"దెయ్యానికి పెళ్లేటే లక్ష్మీ? జనం నవ్వుతారు. భూతవైద్యుణ్ణి పిలిచి తరిమించీ!"

నేను పెళ్లే రాశాను. మందిరంలో అదే మెల్లగా చదవడం మొదలుపెట్టాను. "ఆంటీ, జరా జోర్‌సే, కొంచెం గట్టిగా చదవండి" అంది వెనక నుంచి ఒక కొత్త కోడలు. అతను పార్వతి మెడలో తాళి కట్టే చోటికి వచ్చేసరికి అందరూ నా చేతిలో కాగితాల వంకే చూస్తున్నారు. అప్పుడు అప్పలనర్సమ్మ పిన్ని లేచింది.

"ఏటలా సూస్తారు? అచ్చింతలు తెండర్రా!"

సీతారామ కల్యాణంలో వేసినట్టే అందరూ ఆ కాగితాల మీద అక్షింతలు చల్లారు. ఒక్కరూ నవ్వలేదు.

నేనే గెలిచాను వదినా. నువ్వుంటే, ఓడిపోయానని ఒప్పుకోకుండానే, అందరికంటే ముందు గుప్పెడు చల్లేదానివి.

నీ ఆడపడుచు,
లక్ష్మి