మేమే తీయించిన నంబరు

కమలాపురం

టెలిఫోన్ ఎక్స్చేంజి ఆఫీసరు గారికి నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా,

పోయిన ఏడాది మా ఇంటి ల్యాండ్‌లైన్ వద్దని సంతకం పెట్టి, ఫోను తెచ్చి మీ కౌంటర్లో అప్పజెప్పినవాణ్ణి నేనే. కువైట్‌లో ఇంటిపని చేసే మా అక్క కరుణమ్మ అప్పటికే నెట్ కాల్‌లో మాట్లాడుతోంది. సెల్లులో నా ఫొటో నొక్కితే చాలు, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. అంకెలతో పనే లేకపోయింది.

నాలుగు నెలలుగా అక్క నుంచి కాల్ లేదు. మొన్న కువైట్ నుంచి తిరిగొచ్చిన మా ఊరి చాంద్‌బీ, అక్కడ ఒక పెళ్లివారి వంటింట్లో అక్కను చూశానని చెప్పింది. యజమానులు అక్క సెల్లు లాక్కున్నారట. ఆ యజమానుల ఇల్లు ఎక్కడో చాంద్‌బీకి తెలియదు.

"శుక్రవారం శుక్రవారం ఎవరి ఫోనన్నా అడుక్కొని మీ ఇంటి నంబరు కొడతాందప్పా. ఆ నంబరే లేదని ఎవరో ఆడమనిషి గొంతు చెప్తాదంట. మావోళ్లు నన్ను వొద్దనుకున్యారేమో అని శానా ఏడ్సింది" అంది.

అక్కకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే. వెళ్లేముందు సండే స్కూల్లో బైబిలు వాక్యం కంఠతా నేర్పినట్టు కూర్చోబెట్టి నేనే నేర్పాను. తీయించిన సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పనేముందనుకున్నాను.

ఆ నంబరు మళ్లీ మా ఇంటికి ఇప్పించండి. రెండుసార్లు వచ్చి అడిగితే మా వీధికి ఇప్పుడు లైనే లేదన్నారు. శుక్రవారంలోగా కుదరకపోతే, నంబరు లేదని చెప్పే ఆ గొంతుతోనే ఇంకొక్క మాట చెప్పించండి. నీ తమ్ముడు వద్దనుకున్నది ఫోనునే, నిన్ను కాదని.

ఇట్లు,
కరుణమ్మ తమ్ముడు