గాలి కోసం ప్రార్థన

మార్చి 4, మంగళవారం

నిన్న నా పేగులో పడ్డ మెలిక విప్పి కుట్టేశారు. మంచినీళ్ళు కూడా వద్దన్నాడు సర్జన్. ముందు గ్యాస్ పోవాలట. పోతేనే పేగు మళ్ళీ పనిలో చేరినట్టట. అప్పుడు నీళ్ళు, ఆ తర్వాతే ఇల్లు.

టైరు షాపు మేడమీది మా ప్రార్థన హాల్లో ఒక్క ఆదివారం తప్పకుండా నిప్పులు కురిపించిన నోరు నాది. ఇప్పుడు తడిదూది చప్పరిస్తోంది.

ఈ ఆదివారం వేదిక ఎక్కి తీరాలి. లేకపోతే బామ్మర్ది ఎక్కుతాడు.

మార్చి 5, ఉదయం

పక్క మంచం లారీ డ్రైవర్‌కి పోయింది. వార్డంతా వినబడింది. నర్సు చప్పట్లు కొట్టింది. వాడి భార్య కళ్ళొత్తుకుంది.

ప్రార్థించింది నేను, జవాబొచ్చింది వాడికి. నా తలగడ కింద పరిశుద్ధ గ్రంథం ఉంది. వాడి తలగడ కింద సినిమా పత్రిక.

సాయంత్రం

సంఘపెద్ద చూడ్డానికొచ్చాడు. ఇవాళ బుధవారం కూటంలో బామ్మర్దే వాక్యం చెప్పాడట. ఫ్రిజ్‌లు బాగుచేసే చేతులు కదా అయ్యగారూ, ఎంత చల్లగా చెప్పాడో, పిల్లలు కూడా నిద్రపోలేదు అన్నాడు. అంటే నేను చెప్పినప్పుడు నిద్రపోయేవారన్నమాట!

జనం గొర్రెలకాపరి కుర్రాణ్ణి పొగిడితే ఈటె విసిరిన రాజు కథ ఎన్నిసార్లు చెప్పానో. ఎప్పుడూ కుర్రాడి పక్షమే. ఇవాళ మొదటిసారి రాజుమీద జాలేసింది.

మార్చి 6

పోలేదు.

మార్చి 7, శుక్రవారం

కుట్లు బాగున్నాయంటారు, మరి పేగుకేం రోగమని నర్సును నిలదీశాను. ఆవిడ నా మంచం అంచున కూర్చుని, పిడికిలి బిగిస్తూ వదులుతూ చెప్పింది. పేగు గోడలో నరాలున్నాయట. వాటికి రసాయనాలే మాటలట. ముద్ద వెనకున్న కండరానికి ఎసిటైల్‌కోలిన్ అందితే బిగుసుకుని నెడుతుంది. ముందున్న కండరానికి నైట్రిక్ ఆక్సైడ్ అందితే వదులై దారిస్తుంది. వెనక ఎంత నెట్టినా ముందు వదలకపోతే కదలదు. ఆపరేషన్ దెబ్బకి వేరే నరాలు నార్‌ఎడ్రినలిన్ వదిలి, ఆ నెట్టే మందును రానివ్వకుండా తొక్కిపెడతాయట. నొప్పి మందులు కూడా కొంత అడ్డమేనట. కోపమూ ఆ నరాల్నే రెచ్చగొడుతుంది పెద్దాయనా, పళ్ళు నూరడం ఆపి కాస్త వరండాలో నడవండి అని దెప్పిపొడిచింది.

గ్రంథంలో నా కడుపు, నా కడుపు అని మూలిగిన ప్రవక్తకు ఈ సంగతి తెలిసుంటే! నా తర్వాతి ప్రసంగం ఇదే. దీని ముందు బామ్మర్ది చల్లదనం ఏపాటిది? పట్టలేక మా ఆవిడకి మొత్తం చెప్పేశాను.

మార్చి 8, శనివారం

సర్జన్ స్టెతస్కోప్ పెట్టి పెదవి విరిచాడు. రేపటికీ కదలకపోతే స్కాన్, ముక్కులోంచి ట్యూబు.

ఆదివారం చెయ్యిజారినట్టే. నా మొహం చూసి మా ఆవిడ ఓ కబురు చెప్పింది. తమ్ముడు ఫోన్‌ను మైకు దగ్గర పెడతాడట. ముగింపు ప్రార్థన బావే చెయ్యాలన్నాడట.

చేస్తాను. ముప్పావుగంట చేస్తాను. వాడు చెప్పింది ఒక్కడికీ గుర్తుండకుండా చేస్తాను.

మార్చి 9, ఆదివారం, 10:40

వాడి తప్పులు రాసుకుందామని పెన్ను పట్టుకుని ఫోన్ స్పీకర్లో పెట్టి వింటున్నాను.

దొంగ! నా ప్రసంగమే! పేగు, నెట్టే మందు, వదిలే మందు, అన్నీ. మా ఆవిడ వైపు చూశాను. తమ్ముడితో మాట్లాడుతూ నోరుజారానంది. ఏం, దానిమీద మీ పేరేమైనా రాసుందా అని నామీదే లేచింది.

హాల్లో జనం నవ్వుతున్నారు. ఇదే నేను చెబితే వణికేవారు.

ఇప్పుడు వాడంటున్నాడు, ముందున్నది వదలకపోతే వెనకున్నది ఎంత నెట్టినా దండగేనట. మా బావ ముందుండి కూడా నాకు దారి వదిలాడు, ఆయన పేగు కదలాలి, అందరూ లేచి నిలబడండి అంటున్నాడు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. నా పేగు కోసం హాలంతా నిలబడింది.

దారి వదిలానట. నేనా!

నవ్వొస్తోంది. కుట్లు లాగుతున్నాయి, అయినా ఆగట్లేదు. మా ఆవిడ నర్సును పిలుస్తోంది.

11:25

ముగింపు ప్రార్థన నాకిచ్చారు. పోయింది ప్రభువా, అన్నాను. అంతటితో ముగించేశాను.

ఆమేన్ వాడి ప్రసంగానికంటే నాకే గట్టిగా వచ్చింది. డ్రైవర్ సాక్షి.