ఇస్తారి ఎగిరిన శుక్రవారం

ఘాలా,
18-2-1977

ప్రియమైన తమ్ముడు గంగన్నకు,

ప్రభువు నామంలో నీకు సమాధానం. బాగున్నానని రాయడం అలవాటు కాబట్టి, బాగున్నాను.

ఇస్తారి పోయి రేపటికి రెండు వారాలు. నువ్వు బహ్లా సైటుకు బదిలీ అడిగి వెళ్ళిపోయి పది రోజులు. ఈ అరబ్బు దేశానికి పనికొచ్చి ఒకే క్యాంపులో, ఒకే రూమ్‌లో రెండేళ్ళు ఉన్నవాళ్ళం. నాతో ఒక్క మాట చెప్పకుండా పెట్టె సర్దుకున్నావు. నీళ్ళ ట్యాంకర్ నడిపే జహీరుద్దీన్ చెప్తే నాకు తెలిసింది. వారానికోసారి అటు వస్తాడు కదా, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

విశేషం ఏమిటంటే మన శుక్రవారం పాటల గుంపుకు రెండు ప్రోగ్రాములు ఖాయమయ్యాయి. మార్చి నాలుగున బౌషర్‌లో నర్సుల క్వార్టర్స్ దగ్గర. ఏప్రిల్ పదిహేనున మీ బహ్లా క్యాంపులోనే. నర్సు లీలాకుమారి పాడటానికి డ్యూటీ మార్పించుకుంది. నా గిటారుకు నాలుగు తీగలే మిగిలాయి. సితారా మీటే దావీదుకు గొర్రెల దొడ్డిలో ఎన్ని తీగలు దొరికాయో ఎవరు లెక్కపెట్టారు? నాలుగు చాలు.

మన గారేజి ఇంగ్లీషు దొర గుర్తున్నాడా? ఆయన క్యాసెట్లలో పశువుల కాపర్ల పాటలు వినేగా మనం మొదలుపెట్టింది. ఆయన అరగంటలో వినే పాటల్ని మనం పావుగంటలో, గొంతులు చిరిగేలా, నీ డప్పు మీద ఎక్కించి పరిగెత్తించాం. మొన్న కనపడి, "అది పాట కాదు సత్యరాజ్, కొట్లాట" అన్నాడు. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను. ఆసుపత్రిలో పనిచేసే మన సంఘ పెద్దలు మాత్రం, "క్రైస్తవుడివై ఉండి ఆ కేకలేమిటయ్యా?" అని అడిగారు. యెరికో కోట గోడలు కేకలతో కూలాయా, గుసగుసలతో కూలాయా అని అడిగి నోరు మూయించాను.

అయితే జహీరుద్దీన్ ఇంకో మాట చెప్పాడు. నువ్వు డప్పును గోనెసంచిలో చుట్టి మంచం కింద తోశావట. ముట్టడం లేదట, ఎవర్నీ ముట్టనివ్వడం లేదట. ఎందుకు? నీ డప్పు లేకపోతే మనం నలుగురం గొంతు చించుకునే వాళ్ళం తప్ప గుంపు కాదు. దుఃఖంలో ఉన్నావు, తెలుసు. ఇస్తారి నీ చెల్లెలి భర్త, నాకూ తమ్ముడే. కానీ దుఃఖపడే నోరే పాడాలి. కారణం ఏదైనా నాకు దాచకుండా రాయి.

ప్రార్థనలో నిన్ను మరువని అన్న,
సత్యరాజు


బహ్లా,
26-2-77

పాస్టరన్నకు గంగన్న దండం పెట్టి రాసేది.

నేను మంచిగనే ఉన్న. ఐదో తరగతి దాకనే చదివిన, తప్పులుంటే ఏమనుకోకు. ఇక్కడ పని గోడలు కట్టుడే. చుట్టూ ఖర్జూర తోటలు, నీళ్ళు తియ్యగున్నయి.

దాచకుండ రాయమన్నవ్. రాస్తున్న.

ఆ శుక్రవారం పొద్దుగాల నల్లా కాడ లైన్ల నిలవడి బకీటు మీద ఊకె వేళ్ళతోని కొట్టుకుంటుంటే నువ్వు విన్నవ్. "ఇదిరా దరువంటే! సాయంత్రం ప్రోగ్రాంల ఇదే కావాలె" అన్నవ్. "అది వద్దు అన్నా, అది ఇక్కడ కొట్టేది కాదు" అని నేనన్న. నువ్వు నలుగుర్ల నవ్వి, "ఏం గంగన్నా, డప్పు నీదా, దయ్యానిదా?" అన్నవ్. నాకు రోషమొచ్చింది.

అన్న, అది పీనుగు ముంగట మా నాయిన కొట్టే దరువు. పాడె లేపినంక మొదలువెట్టి కాటి కాడనే ఆపాలె. పీనుగు లేకుంట కొట్టరాదు. మా నాయిన నాకు నేర్పేటప్పుడు సుత ఇంట్ల నేర్పలే, ఊరి బయట బండల మీద నేర్పిండు.

నేను కొట్టిన. ఇస్తారి తువ్వాల తలకు చుట్టుకొని నా ముంగటనే ఎగిరిండు. చెల్లె మొగడు, సోపతిగాడు, వాని మొఖం చూసి ఇంక జోరుగ కొట్టిన. తెల్లారి పది గంటలకు, పైపులకని తవ్వే కాలువల మట్టి గోడ కూలి వాని మీద పడ్డది. బతికున్న మనిషిని నేనే సాగనంపిన. తప్పు నాది. నీకు దాయలే.

ఇంకో మాట అడుగుత. ఆ శుక్రవారం పగటి పూట ఇస్తారి నీ దగ్గరికి వచ్చిండా? ఏమన్న చెప్పిండా? అది రాయి.

ఇట్లు,
గంగన్న


ఘాలా,
5-3-1977

ప్రియమైన తమ్ముడా,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, నీ మెడకు ఆ బండ కట్టిన భయం మీద. ఆకాశమూ భూమీ దేవుడివైతే, వాటి మధ్య మోగే చప్పుడు ఒక్కటి మాత్రం చావుది ఎలా అవుతుంది? దేవుడి మందసం ముందు దావీదు ఎగిరాడు, చచ్చాడా? మేకతోలుకీ ఇనుప చక్రానికీ మనిషిని చంపే అధికారం ఎవరిచ్చారు? నువ్వు హంతకుడివి కావు. ఈ మాట గారేజి కప్పు ఎక్కి అరవమన్నా అరుస్తాను. డప్పు బయటికి తియ్యి. ఎండలో పెట్టు. ఏప్రిల్ పదిహేనుకి అది మోగాలి.

నిన్న బౌషర్ ప్రోగ్రాం అయింది. ఎలా అయిందో కూడా నీకే చెప్పుకోవాలి.

నీ స్థానంలో మొయినుద్దీన్‌ని కూర్చోబెట్టాం. కారు రేకుల సొట్టలు తీసేవాడు కదా, చెయ్యి గట్టిది. ఖాళీ గ్రీజు డబ్బా బోర్లించి కొట్టాడు. నర్సులు, వార్డు బాయ్‌లు, వంటవాళ్ళు, అరవై మందికి తక్కువ లేరు. మొదటి పాటకి కుర్చీలు వెనక్కి తోసి లేచారు. రెండో పాటలో మొయినుద్దీన్ చెయ్యి ఎందుకో దారి మార్చింది. ఆ దరువులోకి వెళ్ళింది. అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ శుక్రవారం విని ఉంటాడు, అంతే. నేను తల ఎత్తాను. ముందు వరసలో, తువ్వాలు తలకు చుట్టుకుని, ఒకడు ఎగురుతున్నాడు. చొక్కా నిండా ఎర్రమన్ను. గుక్క తిప్పుకోవడానికి ఆగినవాడిలా నోరు తెరిచి నా వంక చూశాడు. ఏదో అడిగి జవాబు కోసం నిలబడ్డవాడి చూపు అది.

నా చెయ్యి ఆగిపోయింది.

అంతా అయ్యాక లీలాకుమారి వచ్చింది. "అన్నయ్యా, మూడో చరణం నేనొక్కదాన్నే పాడాను. ఎవర్ని చూస్తున్నావు?" అంది. "ఎవర్నీ లేదమ్మా, తీగ తెగింది" అన్నాను. ఆ పిల్ల గిటారు వంక చూసింది. "నాలుగూ ఉన్నాయి అన్నయ్యా" అంది. సూది గుచ్చినంత మెల్లగా అంది.

ఎండ దెబ్బ అనుకుంటున్నాను. నువ్వు దీన్ని నీ భయానికి సాక్ష్యంగా వాడుకోకు.

నువ్వు అడిగిన మాట. ఆ రోజు క్యాంపంతా నా చుట్టూనే తిరిగింది. అందరూ వచ్చారు, అందరితోనూ మాట్లాడాను.

నీ అన్న,
సత్యరాజు


బహ్లా,
14-3-77

పాస్టరన్నకు,

ఎండ దెబ్బంటున్నవ్. మార్చి నెల మొదట్ల బౌషర్‌ల ఎండెక్కడిదన్న?

అందరి సంగతి నేను అడగలే. ఇస్తారి సంగతి అడిగిన.

మా చెల్లె సత్తవ్వ కాడినుంచి ఉత్తరం వచ్చింది. బడి పంతులుతోని రాయించింది. "చివరిరోజు మా ఆయన ఏం తిన్నడు, ఎవలతోని మాట్లాడిండు, ఏమన్న భయపడ్డడా" అని అడిగింది. కంపెనీ పంపిన కాగితంల అవి లేవట. నేనింక జవాబు రాయలే.

ఇక్కడ క్యాంపుల అందరు నీ ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తున్నరు. నేను కొడతనా, కొట్టనా అంటే నాకే తెల్వదు.

గంగన్న


ఘాలా,
1-4-1977

గంగన్నా,

ఈ రెండున్నర వారాల్లో జహీరుద్దీన్ రెండుసార్లు ట్యాంకర్ ఆపి, "సత్యరాజ్ భాయ్, చిట్ఠీ?" అని అడిగాడు. రెండుసార్లూ లేదన్నాను. రెండుసార్లూ ఉత్తరం నా జేబులోనే ఉంది. అవి నీకు వాక్యం చెప్పే ఉత్తరాలు. చింపేశాను.

గారేజిలో రేకు మీద సుత్తి పడితే చాలు, అదే దరువు వినిపిస్తోంది. అన్నం తినే ప్లేటు కింద పెడితే అదే. నిన్న ప్రార్థనలో పిల్లవాడొకడు మోకాళ్ళ మీద వేళ్ళతో తాళం వేశాడు, వాణ్ణి కసిరాను. నేను! తాళం వేస్తే కసిరాను.

ఇస్తారి నా దగ్గరికి వచ్చాడు. భోజనాలయ్యాక, నేను గిటారు సరిచేసుకుంటుంటే వచ్చి కింద కూర్చున్నాడు. "పాస్టరన్నా, నీ గిటారు ఈనే మేకలెక్క అరుస్తున్నదే" అన్నాడు. "నువ్వు ఎగరడానికి మేకైతే ఏం, గొర్రైతే ఏం" అన్నాను. నవ్వాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"అన్నా, కాలువ మనిషిన్నర లోతు పోయింది. గోడ రాలుతున్నది. నిన్న నా బుజం మీద ఇంత పెళ్ళ పడ్డది. కూలకుంట గోడలకు చెక్క పలకలు కొట్టియ్యమని ఫోర్‌మన్ సాబుకు చెప్పు. నేను హిందీల చెప్తే పని దొంగ అంటున్నడు. నీకు ఇంగ్లీషొస్తది, నీ మాటింటడు."

"ప్రోగ్రాంకి ఆయన వస్తాడుగా, అప్పుడు చెప్తాలే" అన్నాను.

ఆయన వచ్చాడు గంగన్నా. ఆఖరి పాట దాకా ఉన్నాడు. తరువాత జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత జీవమున్న సంగీతం ఈ దేశం వచ్చాక వినలేదన్నాడు. చెప్పాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. పొగడ్త వచ్చి దాని మీద కూర్చుంది. "థాంక్యూ సర్" అన్నాను. ఇంకోసారి "థాంక్యూ సర్" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. పది అడుగుల అవతల ఇస్తారి చెమట తుడుచుకుంటూ, చెప్పావా అన్నట్టు తల ఎగరేశాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను.

అందుకే తెల్లారి వాడు కాలువలోకి దిగాడు. పలకలు వస్తాయనుకుని దిగాడు.

ఆ శుక్రవారం పొద్దున ప్రార్థనలో నేను ఏం బోధించానో తెలుసా? యెహెజ్కేలు ప్రవక్త చెప్పిన కావలివాడి గురించి. ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదనివాడి చేతిలో చచ్చినవాడి రక్తం అడుగుతానని దేవుడన్న సంగతి. గుండెలు బాదుకుంటూ చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. నేనే గట్టిగా అన్నాను.

నీ దరువు ఎవర్నీ చంపలేదు. ఇస్తారి నన్ను అడిగిన సంగతి నీకు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేదు. నువ్వు నిన్ను తప్పుపట్టుకుంటుంటే నాకు హాయిగా ఉంది, అందుకని. నీ భయాన్ని ఖండిస్తూ రాసిన ప్రతి మాట వెనకా నేను దాక్కున్నాను.

ఏప్రిల్ పదిహేను ప్రోగ్రాం మానేద్దామని లీలాకుమారికి చెప్పాను. ఇక నువ్వు ఏమన్నా పడతాను.

సత్యరాజు


బహ్లా,
9-4-77

సత్యరాజన్నకు గంగన్న రాసేది.

నాకు తెలుసు.

ఆ శుక్రవారం మంట కాడ నేను డప్పు కాపుకుంటుంటే ఇస్తారి నా పక్కన కూసొని చెప్పిండు. "పాస్టరన్నకు చెప్పిన బావా, ఫోర్‌మన్‌కు చెప్తా అన్నడు." ప్రోగ్రామైనంక మల్ల వచ్చి, "చెప్పిండట, ఇగ ఫికర్ లేదు" అన్నడు. తెల్లారి కూలినంక నేను ఉరికి ఫోర్‌మన్‌ను అడిగిన. "నాకెవరూ చెప్పలేదు" అన్నడు. వాడు అబద్ధమాడుతున్నడా, నువ్వు ఆడినవా, నాకు సమజ్ గాలే. నీ మొఖం చూస్తే అడుగుతనేమో, అడిగితే కొడతనేమో అని బదిలీ పెట్టుకున్న.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు అదే రాసినవనుకున్న. యెరికో గోడల గురించి రాసినవ్.

దరువు నాది, మాట నీది. నాది నేను ముందుగాలనే చెప్పిన. నీది నువ్వు చెప్తవా అని చూసిన. దరువు వట్టి చప్పుడేనని నువ్వంటున్నవ్. కావచ్చు. నేనైతే మల్ల అది కొట్టను. మా నాయిన మాట తప్పిన, ఒక్కసారి చాలు.

నిన్ను తిట్టాలని నిన్న రెండు కాగితాలు రాసిన. చదువుకుంటే నాకే మంచిగనిపియ్యలే. ఇస్తారి ఉంటే, "పోనియ్ బావా, పాస్టరన్న మనోడే" అంటుండె. వాడు అంటడు. నేను ఇప్పుడే అనలేను.

ప్రోగ్రాం మానకు. ఇక్కడ నూట ఇరవై మంది ఉన్నరు. నువ్వు నోరు మూసుకొని కూసుంటే ఇస్తారికేం వస్తది? ఇక్కడ గూడ కాలువ తవ్వుతున్నరు. మనిషి లోతు దాటింది, పలకల్లేవ్. పదిహేను నాడు మా ఫోర్‌మన్ సాబు ముందు వరసల కూసుంటడు. పాట మొదలు కాకముందే, మైకు పట్టుకొని, అందరు వింటుంటే ఇంగ్లీషుల చెప్పు. ఆయన చేతులు కలిపినంక కాదు.

అంతకన్న ముందు ఒక పనుంది. మా చెల్లె అడిగినదానికి జవాబు నేను రాయను. అది నీది. ఎవలతోని మాట్లాడిండు, ఏమడిగిండు, నువ్వేం జేసినవ్, అంతా రాయి. వాక్యాలు రాయకు. దావీదు, యెహెజ్కేలు ఎవలూ వద్దు. సత్తవ్వకు వాళ్ళు తెల్వరు. రాసి నాకు పంపు, నేను చదివినంకనే పోస్టుల ఏస్త.

జహీరుద్దీన్ మంగళవారం తిరిగి వస్తడు.

గంగన్న