మా ఇంటి మనిషే

ప్రొద్దుటూరు, గురువారం రాత్రి

ఇప్పుడు రాసుకోకపోతే పొద్దున అమ్మ ముందు నాకు నోరు పెగలదు. అమ్మ వితంతు పింఛను ఆగిపోయేలా ఉంది.

మధ్యాహ్నం సర్వేకు వచ్చిన గుమాస్తా, మా ముందుగదిలో బాడుగకుంటున్న సర్కారు బడి శారద టీచరును చూసి "ఈయమ్మ ఎవురు?" అన్నాడు.

"మా ఇంటి మనిషే లేప్పా," అంది అమ్మ. తన చేతి సంగటి తినేవాళ్లను ఆమె ఇంకోలా చెప్పదు. అతను అదే రాసుకున్నాడు. ఇంట్లో సర్కారు జీతముంటే పింఛను రాదట.

వెంట వచ్చిన పార్టీ మనిషి నవ్వాడు. "దిగులెందుకుమ్మా? మా అన్న కాడికొచ్చి ఒక్క మాట చెప్పుకో." నాయన కక్షల్లో పోయాక జమ్మలమడుగు పక్కనున్న మా ఊరు వదిలింది, ఏ అన్న వాకిట్లోనూ నిలబడకూడదనే కదా!

"అమా, ఆఫీసుకు పోయి బాడుగ మనిషని చెప్పు," అన్నాను.

"అన్నం పెట్టిన నోటితో పరాయిదంటానా? శానా సదివినావు గదా, నువ్వే చెప్పుకో పో."

నేను చెబితే చెల్లదు. అమ్మే వేలిముద్ర వేయాలి. సోమవారం కాగితాలు పైకి పోతాయి.

ముందుగదిలో దీపం ఇంకా ఆరలేదు. టీచరు అంతా విన్నదేమో. ఆమె వెళ్లిపోతే ఇంటి ఓనరుకు మొత్తం బాడుగ మేమిద్దరమే ఎట్లా కట్టేది...

అమ్మా, ఇది నువ్వు చదవలేవు, రేపు నేనే చదివి వినిపిస్తాను. పరాయిదని అనొద్దు. "మా ఇంటి మనిషే, బాడుగకుంటాంది" అను, చాలు. ఆదివారం లోపల నాకు ఏదో ఒకటి చెప్పు.